సంతకం పెడితే భయం, పెట్టకపోతే పాపం

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేర్లు, ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలు. నగర శివార్లలో కొందరు మిత్రులు కలిసి నడుపుతున్న బాలల గృహానికి ఏడేళ్లుగా జీతం లేని కార్యదర్శి. అక్కడ 64 మంది పిల్లలున్నారు. కొందరికి అమ్మానాన్నలు లేరు, కొందరు మన్యం నుంచి చదువు కోసం వచ్చినవారు, కొందరు తండ్రి వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకార కుటుంబాల పిల్లలు. ఆమె భర్త అన్నగారికి ఒక్కడే కొడుకు ఉండేవాడు. నాలుగేళ్ల క్రితం, పన్నెండో ఏట, బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆ అబ్బాయికి విమానాలంటే ప్రాణం. మేడ మీద కూర్చుని, దిగడానికి వచ్చే ప్రతి విమానం వేళనూ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడట. ఆ పుస్తకం ఇప్పటికీ బావగారి బీరువాలో ఉంది.

పోయిన ఏడాది డిసెంబరులో, ఆ అబ్బాయి పుట్టినరోజున, బావగారు తన ఖర్చుతో ఒక హెలికాప్టర్‌ను అద్దెకు తీసుకుని, ఈ గృహంలోని 38 మంది పిల్లలకు నగరాన్ని పైనుంచి చూపించాలనుకున్నారు. ఒక్కో విడతకు ఐదుగురు, ఒక్కో విడత ఎనిమిది నిమిషాలు. ఆ ఉదయం మంచు విడవక రెండు గంటలు ఆలస్యమైంది, ఆ తరువాత ఇచ్చిన సమయం అయిపోయింది. 27 మంది ఎగిరారు, 11 మంది అదే బస్సులో వెనక్కి వచ్చారు. ఎగిరినవారిలో ఒక అమ్మాయి, చేపల రేవులో పడవలన్నీ నేల మీద చింతపిక్కలు పోసినట్టు కనబడ్డాయని, వాటి పక్కన అమ్మ చేపలమ్మే జట్టీని తానే గుర్తుపట్టానని వారం రోజులపాటు చెబుతూనే ఉందట. మరో అమ్మాయి మాత్రం ఎక్కింది మొదలు దిగేదాకా కళ్లు మూసుకునే ఉందని తరువాత తెలిసింది. పిల్లలు స్వయంగా అట్టముక్కలతో బోర్డింగ్ పాసులు చేసుకున్నారు, ఎక్కేటప్పుడు వాటి మీద ముద్ర వేశారు. వెనక్కి వచ్చినవారిలో తొమ్మిదేళ్ల కుర్రవాడు ఒకడు, ముద్ర పడని తన అట్టముక్కను జామెట్రీ బాక్సులో దాచుకుని, ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి చూపించి, "నా వంతు ఎప్పుడు టీచర్?" అని అడుగుతుంటాడు.

ఈ ఏడాది బావగారు 60 మందిని ఎగిరించాలంటున్నారు. అద్దె పెరగడంతో, తనకు తెలిసిన ఒకాయన సొంత విమానం, నాలుగు సీట్లది, తీసుకొస్తారని, ఇంధనం ఖర్చు ఇస్తే చాలన్నారని చెబుతున్నారు. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి పిల్లలకు బాగా కనబడేలా ఇంకాస్త కిందుగా ఎగరాలని, ముందుగా మంచి మార్కులు వచ్చినవారిని ఎక్కించాలని, పిల్లలందరికీ తన కొడుకు ఫొటో ఉన్న టీషర్టులు వేసి వీడియో తీయించి అందరికీ పంపాలని ఆయన కోరిక. "ఏం జరిగినా పూర్తి బాధ్యత సంస్థదే" అన్న పత్రం మీద కార్యదర్శిగా ఈమె సంతకం పెట్టాలి. వార్డెన్ మాత్రం, 14 మంది పిల్లలకు కళ్లద్దాలు కావాలి, ఈ డబ్బు దానికి ఇస్తే బాగుండునని చాటుగా అంటోంది. భర్త మాట వేరు: "బిడ్డ పోయాక అన్నయ్య మనసారా నవ్వింది ఆ ఒక్క రోజే. నువ్వు అడ్డుపడకు." చివరగా ఆమె రాసిన వాక్యం ఇది: "సంతకం పెడితే భయం, పెట్టకపోతే పాపం. నేనేం చేయాలో చెప్పండి."

అమ్మా, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మీరు ఒక్క ప్రశ్న అడిగారు గాని అందులో నాలుగు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి: పిల్లలు ఎగరడం క్షేమమేనా, మీ సంతకానికి అర్థమేమిటి, ఆ డబ్బుకు ఇంతకన్నా మంచి ఉపయోగం ఉందా, దుఃఖంలో ఉన్న మనిషికి కాదని ఎలా చెప్పాలి. ఇవి నాలుగూ ఒకే ముడి అనుకుంటున్నంతకాలం, ఏ పోగు లాగినా మిగిలినవి బిగుసుకుంటాయి. విడివిడిగా చూద్దాం.

ముందుగా ఒక మాట. పిల్లలను ఆకాశం నుంచి తమ ఊరు చూడనివ్వాలన్న బావగారి ఆలోచన వృథా వేడుక కాదు. చింతపిక్కల్లాంటి పడవల మధ్య అమ్మ నిలబడే జట్టీని గుర్తుపట్టిన ఆ పాప, తన బతుకు ఈ నగరం పటంలో ఎక్కడుందో ఎనిమిది నిమిషాల్లో చూసుకుంది. అమెరికాలో విమాన ప్రియుల సంఘం ఒకటి 1992 నుంచి 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను స్వచ్ఛంద పైలట్ల చేత ఉచితంగా ఎగిరిస్తోంది. ఇప్పటికి 20 లక్షల మందికి పైగా పిల్లలు అలా ఎగిరారు. కాబట్టి ఇది ఎవరూ చేయని పిచ్చిపని అన్న సంకోచం మీకు అక్కరలేదు. అయితే అదే దేశంలో, సేవ కోసం జరిపే ఇలాంటి విహారాలకు ప్రత్యేకమైన నిబంధన ఒకటుంది: మామూలు ప్రైవేట్ లైసెన్సు ఉన్న పైలటైతే కనీసం 500 గంటలు ఎగిరి ఉండాలి, పగటిపూట మాత్రమే ఎగరాలి, బయలుదేరిన చోటే దిగాలి, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్ల పరిధి దాటకూడదు, ఒక సేవా సంస్థ కోసం ఏడాదికి నాలుగు కార్యక్రమాలకు మించకూడదు. సేవ అన్న పేరు పెట్టినంత మాత్రాన గాలి, బరువు, ఇంజను తమ ధర్మం మార్చుకోవు గనుకనే అక్కడ అంత పట్టింపు.

ఇక మన ఊరి సంగతి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగ స్థావరంలో ఉంది. అక్కడి ఆకాశాన్ని నియంత్రించేది కూడా నౌకాదళమే. వారి విమానాలు, హెలికాప్టర్లు, వాటి మధ్య ప్రయాణికుల విమానాలు, వాటన్నిటి నడుమ మీ పిల్లల విహారానికి ఒక చిన్న వేళ దొరుకుతుంది. పోయిన ఏడాది "సమయం అయిపోయింది" అన్నప్పుడు మీకు కలిగిన బాధ నాకు అర్థమైంది గాని, అక్కడ ఎవరూ కాఠిన్యం చూపలేదు. రద్దీగా ఉండే ఆకాశంలో సరదా విహారానికి వేళ కేటాయించడమంటే మిగిలిన వారందరినీ దూరంగా ఉంచడమే. 2009 ఆగస్టు 8న న్యూయార్కులో హడ్సన్ నది మీద ఒక విహార హెలికాప్టరూ ఒక చిన్న విమానమూ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. ఆ తరువాతే అక్కడ వచ్చిపోయే వాటికీ, విహరించే వాటికీ వేర్వేరు ఎత్తులు నిర్ణయించారు. దీనికి తోడు మన విమానాశ్రయం చుట్టూ కొండలు, దగ్గరలోనే మేఘాద్రి గెడ్డ జలాశయం, అటు చేపల రేవు మీద ఎప్పుడూ తిరిగే గద్దలు. ఇక్కడి గాలీ నీళ్లూ తెలిసిన పైలట్‌కు ఇవన్నీ మామూలు విషయాలే. పొరుగూరి నుంచి ఒక్కరోజు కోసం వచ్చినవారికి కావు.

బావగారి కోరికల్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది "ఇంకాస్త కిందుగా" అన్న మాట. జనం కిక్కిరిసిన ప్రాంతం మీద ఎగిరేటప్పుడు, చుట్టూ 600 మీటర్ల పరిధిలో ఉన్న అతి ఎత్తైన అడ్డంకి కన్నా కనీసం 300 మీటర్లు పైన ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. మన దేశపు నియమాలూ అదే దారిలో ఉన్నాయి. ఇది ఎవరో కాగితం మీద ఊరికే గీసిన గీత కాదు. ఇంజను ఆగిపోతే కింద మనుషుల మీద పడకుండా ఖాళీ స్థలం వెతుక్కోవడానికి పైలట్‌కు దొరికే కొద్ది క్షణాలూ ఆ ఎత్తులోనే ఉన్నాయి. జగదాంబ కూడలి మీదో, ద్వారకానగర్ మీదో ఆ ఎత్తు తగ్గిస్తే, పైనున్న ఐదుగురు పిల్లల క్షేమంతో పాటు కింద బస్సు కోసం నిలబడినవారి క్షేమాన్ని కూడా మనం వాడుకున్నట్టే. పైగా దాని అవసరమూ లేదు. కురుసుర పొడవు 91 మీటర్లు. 300 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే, చెయ్యి చాచి వేళ్లతో కొలిచినప్పుడు అది ఇంచుమించు జానెడు పొడవు కనబడుతుంది. ఒక పిల్లవాడికి అది చాలదా? ఈ లెక్క బావగారికి చెప్పండి. వ్యాపారం చేసిన మనిషి, అంకె చెబితే వింటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదట, నేను దారిగా లెక్కపెట్టలేని దాని గురించి చెప్పేస్తాను. అది ఆ మిత్రుడి సొంత విమానం. మన దేశంలో సొంత వాడకానికి నమోదైన విమానంలో ప్రతిఫలం తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. దానికి పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే వేరే పర్మిట్ ఉండాలి. ఇంధనం ఖర్చు పేరుతో చేతులు మారే డబ్బు ఆ గీతను దాటించవచ్చు. గీత దాటిన రోజున బీమా కంపెనీ ముఖం చాటేయవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. విమాన రవాణా సంస్థ ప్రయాణికులను ఉచితంగా ఎక్కించుకున్నా, 1972 నాటి విమాన రవాణా చట్టం ప్రకారం వారి పట్ల దానికి బాధ్యత ఉంటుంది, ఆ బాధ్యతను ముందుగానే కాగితం మీద వదిలించుకోవడం చెల్లదు. మిత్రుడు స్నేహంగా ఎక్కించుకున్న సొంత విమానానికి ఆ రక్షణ అలా వర్తించదు. అంటే చవకగా దొరికిందనుకున్న దారిలో, ఆ ఖర్చు మొత్తం పిల్లల నెత్తి మీదికి వెళుతుంది. ఆయన మంచివారే కావచ్చు, మంచి పైలటే కావచ్చు. అయినా ఈ ఒక్కచోట మీరు మెత్తబడవద్దని గట్టిగా చెబుతున్నాను. అవసరమైతే ఆ పర్మిట్ నకలు, బీమా పాలసీ నకలు అడగండి. అడిగిన రెండో రోజుకే ఆ ప్రతిపాదన దానంతటదే తేలిపోతుందని నా నమ్మకం.

మిగిలినవాటిలో, పోయిన ఏడాదిలాగే పర్మిట్ ఉన్న సంస్థ నుంచి హెలికాప్టర్ తీసుకోవడం ఒకటి. రెండు ఇంజన్లదైతే మరీ మంచిది. ఒకే ఇంజనుదైతే నగరం నడిబొడ్డు మీదుగా కాక, తీరం వెంబడే, అవసరమైతే ఇసుకలో దిగగలిగేంత దగ్గరలో సాగే దారినే ఒప్పుకోండి. కైలాసగిరి, రుషికొండ, బీచ్ రోడ్డు అన్నీ అటే ఉన్నాయి, పిల్లలకు లోటేమీ ఉండదు. కింద సముద్రం ఉంటుంది గనుక పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉండాలి. పెద్దలవి కుదించి కట్టడం కుదరదు. ప్రతి పిల్లవాడినీ ముందురోజు తూకం వేయాలి, ఒక్కొక్కరికీ సొంత సీటు, సొంత బెల్టు ఉండాలి, "చిన్నదే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అన్న మాట వినబడకూడదు. పిల్లలకు సరిపడే హెడ్‌సెట్లు అడగండి, ఆ చప్పుడు మామూలుది కాదు. నా దృష్టిలో అసలు ప్రమాదం పైన కన్నా కిందే ఎక్కువ: తిరుగుతున్న తోక రెక్క కంటికి కనబడదు, ఉత్సాహంలో ఉన్న పిల్లలు ఎటు పరుగెడతారో తెలియదు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి, చెయ్యి పట్టుకుని, పైలట్‌కు కనబడేలా ముందువైపు నుంచే తీసుకెళ్లి, ముందువైపు నుంచే తీసుకురావాలి. జలుబుతో ముక్కు దిబ్బడ వేసిన పిల్లలను ఆ రోజు ఎక్కించకండి. దిగేటప్పుడు చెవుల్లో వచ్చే నొప్పికి పెద్దవాళ్లే తట్టుకోలేరు. మూర్ఛ, ఉబ్బసం ఉన్నవారి విషయంలో, మన్యం పిల్లల్లో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవారి విషయంలో వైద్యుడి మాట ముందుగా తీసుకోండి. ఎగరడానికి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. పూరీ కూర దిగి వచ్చాక పెట్టండి.

ఈ దారికి ఉన్న చిక్కు 60 అన్న అంకె. ఐదుగురి చొప్పున 12 విడతలు, ఎక్కడం దిగడంతో కలిపి ఒక్కొక్కటీ కనీసం 20 నిమిషాలు. అంటే నాలుగు గంటలు. శీతకాలపు ఉదయం మంచు విడిచేసరికే ఆలస్యమవుతుంది, మధ్యాహ్నానికి కొండల మీద గాలి అల్లకల్లోలమవుతుంది. ఒక్కరోజులో 60 మంది అనుకుంటే, పోయిన ఏడాది 11 మందికి జరిగింది ఈసారి 30 మందికి జరుగుతుంది. రెండు రోజులుగా విడదీసి, రోజుకు 25 మందికి మించకుండా చూసుకుంటే ఖర్చు పెరుగుతుంది, పిల్లల సంఖ్య తగ్గుతుంది. అది నిజమే, దాన్ని దాచి లాభం లేదు.

మరో దారి మీ ఉత్తరంలో లేదు. ప్రయాణికుల విమానంలో పిల్లలను హైదరాబాద్ తీసుకెళ్లి, రాత్రి రైల్లో వెనక్కి తీసుకురావడం. గంటకు కాస్త పైగా ప్రయాణం. అన్ని దారుల్లోకీ క్షేమమైనది ఇదే, సందేహం లేదు. నిజమైన బోర్డింగ్ పాసు చేతికి వస్తుంది, పరుగు తీసి పైకి లేచే ఆ క్షణం కడుపులో గిలిగింత పెడుతుంది. అయితే మూడు సీట్లకు ఒక్క కిటికీయే గనుక పిల్లలు మార్చుకుని కూర్చోవాలి, తమ ఊరిని తీరిగ్గా చూసే అవకాశం ఉండదు, జట్టీ కనబడదు. టికెట్ల ఖర్చు వల్ల ఏడాదికి 15 మందో 20 మందో వెళ్లగలుగుతారు, జిల్లా దాటి తీసుకెళ్లడానికి బాలల సంక్షేమ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రతి ఏడూ పదో తరగతికి వచ్చినవారందరికీ ఇది దక్కుతుందని నియమం పెట్టుకుంటే, చిన్నపిల్లలకు ఎదురుచూపు ఉంటుంది గాని అన్యాయం ఉండదు.

మూడోది, ఈ ఏడాదికి ఎగరడం మానుకుని నేల మీదే ఉండడం. బీచ్ రోడ్డులోనే కురుసురకు ఎదురుగా ఉన్న టీయూ 142 విమానం మన నౌకాదళంలో 29 ఏళ్లు సేవ చేసి, 2017లో ఇక్కడ ప్రదర్శనశాలగా స్థిరపడింది. ఆ పొట్టలోకి పిల్లలు నడిచి వెళ్లవచ్చు. కైలాసగిరి రోప్‌వే ఉంది. ఇది చవక, క్షేమం, 64 మందీ వెళ్లగలరు. కానీ నిరుడు ఎగిరినవారికి ఇది చప్పగా ఉంటుంది, ఎగరనివారికి బుజ్జగింపులా అనిపిస్తుంది. బావగారికైతే తలుపు మూసినట్టే ఉంటుంది. అలసిపోయి ఉంటే ఒక ఏడాదికి మీరు దీన్ని ఎంచుకోవచ్చు, తప్పులేదు.

మీరు ఏ దారి ఎంచుకున్నా ఒక విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి, నా ఉద్దేశంలో అసలు ప్రశ్న అదే. సేవ కోసం జరిపే విహారాల్లో ప్రమాదాన్ని పెంచేది చాలాసార్లు యంత్రం కాదు, రద్దు చేయలేని పరిస్థితి. పుట్టినరోజు తేదీ మారదు, బ్యానరు అచ్చయింది, పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలలు దువ్వుకుని కూర్చున్నారు, దాత కళ్లలో నీళ్లున్నాయి. వీళ్లందరి మధ్య నిలబడి "ఈరోజు వద్దు" అనడం ఎంత అనుభవం ఉన్న పైలట్‌కైనా కష్టమే. కాబట్టి "వద్దు" అనే హక్కు ఎవరిదో ఒక కాగితం మీద రాయించండి. పైలట్‌కు ఉండాలి, కారణం చెప్పనక్కరలేకుండా. మీకూ వార్డెన్‌కూ ఉండాలి. ఎక్కబోయే పిల్లవాడికీ ఉండాలి. కళ్లు మూసుకుని కూర్చున్న ఆ పాప, మెట్టు దగ్గర తల అడ్డంగా ఊపి ఉంటే, ఎందుకని ఎవరూ అడగకుండా పక్కకు తీసుకెళ్లి ఉండవలసింది. దాతకు మాత్రం ఆ రోజు ఎగరమని చెప్పే హక్కూ, కిందుగా రమ్మని చెప్పే హక్కూ ఉండకూడదు. హెలికాప్టర్ సంస్థకు విడతల లెక్కన కాక రోజు లెక్కన డబ్బు మాట్లాడండి, వాతావరణం బాగోక రద్దయితే ఎంత ఇవ్వాలో ముందే ఒప్పుకోండి. ఎగిరితేనే డబ్బు అన్నచోట మంచు పలచగానే కనబడుతుంది. పుట్టినరోజున పిల్లలతో భోజనం, పాయసం, ఎగరడానికి ఫిబ్రవరిలో మూడు తేదీలు, ఇలా రెండింటినీ విడదీస్తే సగం బరువు దిగిపోతుంది.

సంతకం మాటకు వస్తే, "ఏం జరిగినా పూర్తి బాధ్యత సంస్థదే" అన్న పత్రం మీద పెట్టకండి. అది విమానాన్ని క్షేమంగా నడపదు, మిమ్మల్ని మాత్రం ఇరికిస్తుంది. విమానం స్థితికి, పైలట్ అర్హతకు మీరు హామీ ఇవ్వలేరు, ఇవ్వనక్కరలేదు కూడా. మీకు నిజంగా తెలిసినవాటికి సంతకం పెట్టండి: ఈ పిల్లల జాబితా సరైనది, తల్లిదండ్రులు ఉన్నవారి నుంచి వాళ్ల భాషలో చదివి వినిపించి అంగీకారం తీసుకున్నాం, లేనివారి విషయం బాలల సంక్షేమ కమిటీకి తెలియజేశాం, ఆరోగ్యం చూపించాం, ఇంతమంది పెద్దలు వెంట ఉంటారు. ఆ పత్రాన్ని ఒక న్యాయవాది చేత ఒకసారి చదివించండి. ట్రస్టు సభ్యులందరి తీర్మానం కూడా ఉండాలి. ఇంతమంది పిల్లల భారం ఒక్క ఆడపిల్ల సంతకం మీద వేలాడదీయడం న్యాయం కాదు.

టీషర్టుల గురించి, వీడియో గురించి చట్టం స్పష్టంగా ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటోలు ప్రచురించడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. విమానంలోంచి ఫొటోలు తీయడానికి కూడా అనుమతి ఉండాలి, మనది నౌకాదళ స్థావరం. కానీ బావగారికి చట్టం ఒక్కటే చూపిస్తే మనసు విరిగిపోతుంది. ఆయనకు కావలసింది ప్రచారం కాదనుకుంటాను. తన బిడ్డ పేరు ఇంకొకరి నోట వినబడాలన్నది ఆయన ఆశ. ఆ నోటు పుస్తకం ఉంది కదా. దాని పక్కన పెట్టడానికి ఒక కొత్త నోటు పుస్తకం కొనండి. దిగివచ్చిన ప్రతి పిల్లవాడూ తేదీ, వేళ, పైనుంచి చూసిన ఒక్క విషయం సొంత దస్తూరీతో రాస్తాడు. "పడవలు చింతపిక్కల్లా ఉన్నాయి" అని మొదటి పేజీలో ఆ పాప చేత రాయించండి. వీడియో కన్నా ఆ పుస్తకాన్నే ఆయన ఎక్కువసార్లు తీసి చూసుకుంటారు.

మార్కుల ప్రకారం ఎక్కించడం గురించి రెండు మాటల్లో చెబుతాను: ఒప్పుకోకండి. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలకు బడిలో రోజూ దక్కే చిన్నచూపు చాలు. వయసు ప్రకారమో, చీటీలు తీసో ఎంచుకోండి.

కళ్లద్దాల విషయంలో వార్డెన్ అన్నది నిజమే, కానీ అద్దాలనూ విహారాన్నీ ఒకే తక్కెడలో పెట్టకండి. ఎగరడానికి ఇచ్చిన డబ్బు ఎగరకపోతే అద్దాలకు వస్తుందన్న హామీ లేదు. అది ఆయన కొడుకు కోసం తీసిన డబ్బు. అద్దాల సంగతి వేరే పనిగా ఈ నెలలోనే మొదలుపెట్టండి. స్తోమత లేనివారికి ఉచితంగా చూసే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి మన ఊళ్లోనే శాఖ ఉంది. ఒక శనివారం 14 మందినీ తీసుకెళ్లండి. కళ్లు సరిగ్గా కనబడని పిల్లవాడికి పైనుంచి ఏ ఊరు చూపించినా మసకే గదా, ఆ మాట బావగారితో అంటే అద్దాలు కూడా ఆయనే ఇప్పిస్తారేమో.

ఇక చెప్పడమెలా అన్నది. మీవారి మాటను తేలికగా తీసుకోవద్దు. కన్నకొడుకును పోగొట్టుకున్న అన్న ముఖంలో నవ్వు చూసిన తమ్ముడు ఆయన. కానీ ఆయన్ను ఒకటి అడగండి: ఒకవేళ ఏదైనా జరగరానిది జరిగితే, అది అన్నయ్య పేరు మీద, ఆ బిడ్డ పేరు మీద, ఆ బిడ్డ పుట్టినరోజు మీద పడుతుంది కదా, దాన్ని అన్నయ్య మోయగలరా? మీరు అడ్డుపడటం లేదు, ఆ పేరుకు కాపలా కాస్తున్నారు. ఇది మీ మాటగా కాక ఇద్దరి మాటగా వెళ్లాలి. తమ్ముడి భార్య ఒక్కతే వచ్చి కాదని చెప్పడం ఏ ఇంట్లోనైనా కష్టంగానే ఉంటుంది, ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఇంకొక సంగతి. ఎనిమిది పేజీల ఉత్తరంలో మీ తోడికోడలి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: పోయిన ఏడాది ఆవిడ రాలేదు, ఇంట్లోనే ఉండిపోయారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. బిడ్డ పుట్టినరోజున ఇల్లంతా విమానాశ్రయానికి వెళ్లిపోతే, కన్నతల్లి ఒక్కతే ఇంట్లో ఏం చేస్తూ ఉండి ఉంటుంది? బావగారితో మాట్లాడకముందు ఒక మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి వెళ్లండి, ఏ పత్రమూ పట్టుకెళ్లకుండా. ఈ విహారాల గురించి ఆవిడ ఏమనుకుంటున్నారో బహుశా ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. ఆవిడకు ఇష్టమైతే పుట్టినరోజు పాయసం ఆవిడ చేతితోనే జరగనివ్వండి. ఇష్టం లేకపోతే అదీ వినండి. బావగారికి మీరు చెప్పలేనిది ఆవిడ ఒక్క మాటలో చెప్పగలరు, లేదా మీకే ఇంకేదైనా తెలియవచ్చు.

చివరగా, జామెట్రీ బాక్సులో అట్టముక్క దాచుకున్న ఆ కుర్రవాడి సంగతి. అతనికి ఇన్నాళ్లుగా మీరు ఏం జవాబు చెబుతున్నారో రాయలేదు. "తప్పకుండా ఎగురుతావు" అని మాట ఇవ్వకండి, మంచు మన చేతుల్లో లేదు. మొన్న వెనక్కి వచ్చిన 11 మంది పేర్లూ ఈసారి జాబితాలో అన్నిటికన్నా పైన రాయండి, ఆ కాగితాన్ని అతనికి చూపించి, అతని పేరు ఎన్నో వరుసలో ఉందో అతని చేతే లెక్కపెట్టించండి. కొత్త పాసు చేయించకండి. ఆ పాత అట్టముక్క మీదే ముద్ర వేయమని చెప్పండి.